ఇల్లు పరీక్షించేవానికి మంచి పేరే పెట్టుబడి

ఎద్దును కొనడానికి సంతకు వెళ్ళే రైతు ఒంటరిగా వెళ్ళడు. పశువుల సంగతి తెలిసిన పెద్దాయన నొకరిని వెంటబెట్టుకొని వెళతాడు. ఆ పెద్దాయన ఎద్దు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, మెడమీద కాడి రాపిడికి పుండు పడిందేమోనని తడిమి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి కుంటుతుందేమో గమనిస్తాడు. బేరం మాత్రం తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకొని దళారి నడిపిస్తాడు. బేరం తెగితేనే దళారికి కూలి. వెంట వచ్చిన పెద్దాయనకు తెగినా తెగకపోయినా ఒకటే. అందుకే రైతు దళారి మాట వింటాడు గాని, పెద్దాయన కళ్ళలోకి చూసి నిర్ణయం చేసుకుంటాడు.

ఇప్పుడు ఒక్క మాట ఆలోచించండి. ఆ పెద్దాయనను మనకు కుదిర్చినవాడే దళారి అయితే? "ఈ ఎద్దుకు వెనుకకాలు బాగాలేదు" అని చెప్పిన మరునాటినుండి దళారి ఆ పెద్దాయనను ఇంకెవరికీ చూపించడని తెలిస్తే? పెద్దాయన నోరు అంత ధైర్యంగా తెరుచుకుంటుందా?

అమెరికాలో ఇళ్ళు పరీక్షించి చెప్పే వృత్తిలో ఉన్నవారికి ప్రతిరోజూ ఎదురయ్యే పరీక్ష ఇదే. ఈ ముడిని కొంతవరకైనా విప్పుకోవడానికి వారిలో అనేకులు ఇప్పుడు ఫేస్‌బుక్కు, యూట్యూబు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి సాధనాలను వాడుకుంటున్నారు. మన పల్లెలనుండి వెళ్ళిన బిడ్డలు ఎందరో ఆ దేశంలో ఇళ్ళు కొంటున్నారు. మన దగ్గర కూడా పట్టణాలలో ఈ పని మొదలైంది. గనుక ఈ వృత్తి ఏమిటో, దానికి గిరాకీ ఎలా వస్తుందో, అందులో నమ్మకం ఎలా నిలబడుతుందో మన కుటుంబాలు తెలుసుకోవడం మంచిది.

ఏమిటీ వృత్తి?

అమెరికాలో ఇల్లు కొనేవారు ధర మాట్లాడుకొని ఒప్పందం వ్రాసుకున్న తరువాత, సొమ్మంతా చెల్లించి ఇల్లు తమ పేరున చేయించుకోకముందు, హోమ్ ఇన్‌స్పెక్టరును పిలిపించి ఇల్లంతా పరీక్ష చేయిస్తారు. ఆయన రెండు మూడు గంటలు, పెద్ద ఇల్లయితే ఇంకా ఎక్కువసేపు చూస్తాడు. పైకప్పు, అటక, గోడలు, పునాది, కరెంటు బోర్డు, నీళ్ళ గొట్టాలు, నీళ్ళు కాగే ట్యాంకు, ఇంటిని వేడిచేసే యంత్రం, చల్లబరిచే యంత్రం, అన్నీ ఆయన చూడవలసినవే. గోడ పగులగొట్టడు, నేల తవ్వడు. కంటికి కనబడేదీ, చేతికి అందేదీ చూసి, ఫోటోలతో సహా నివేదిక వ్రాసి ఇస్తాడు. దీనికి కొన్ని వందల డాలర్లు తీసుకుంటాడు. ఆ ఇంటికి కొనుగోలుదారుడు చెల్లించబోయేది లక్షల డాలర్లు, అదీ చాలామటుకు ముప్పై ఏళ్ళ అప్పు.

ఈ వృత్తివారి సంఘాలలో ఒకటైన అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ 1976లో ఏర్పడింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో ఒకరు 1,70,000 డాలర్లు పెట్టి ఒక ఇల్లు కొన్నారు. అది మట్టి పోసి మెరక చేసిన స్థలంలో కట్టిన ఇల్లు. కొన్న కొద్దికాలానికే నేల జారింది, ఇల్లు దెబ్బతిన్నది. ఆ స్థలం మంచిది కాదనే గుర్తులు అమ్మకం కుదిర్చిన ఏజెంట్లకు కనబడినా వారు సరిగా పట్టించుకోలేదు. ఈస్టన్, స్ట్రాస్‌బర్గర్ల వ్యాజ్యమని పేరుపడిన ఆ కేసులో 1984లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా ఇంటిని జాగ్రత్తగా చూసి, కనబడిన లోపాలను కొనేవారికి తెలియజేయాలన్నది ఆ తీర్పు సారం. ఆ తరువాత ఏజెంట్లే "ఒక ఇన్‌స్పెక్టరును పెట్టి చూపించుకోండి" అని కొనేవారికి చెప్పడం బాగా పెరిగింది.

టెక్సాస్ రాష్ట్రంలో ఈ పని చేయాలంటే అక్కడి రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు గాని, పరీక్షించిన ఇంటికి ఒక సంవత్సరం లోపల అదే ఇన్‌స్పెక్టరు డబ్బు తీసుకొని మరమ్మతు చేయకూడదని చట్టముంది. లోపం చూపించేవాడే దాన్ని బాగుచేసి సొమ్ము చేసుకుంటే, లేని లోపాలు కూడా కనబడతాయి గదా!

నల్లరేగడి అక్కడా ఉంది

టెక్సాస్‌లో డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ప్రాంతపు నేల మన నల్లరేగడి వంటిదే. నేలల శాస్త్రం ప్రకారం రెండూ ఒక జాతివే. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తుంది. నల్లరేగడిలో ఇల్లు కట్టేటప్పుడు పునాది ఎంత లోతుకు తీయాలో మన మేస్త్రీలకు తెలుసు. అక్కడి ఇళ్ళలో చాలా వాటికి నేలమీద పరచిన కాంక్రీటు పలకే పునాది. అడుగున నేల ఒకవైపు ఉబ్బి మరొకవైపు కుంగితే తలుపులు పట్టేస్తాయి, కిటికీ మూలలనుండి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి. అందుకే అక్కడివారు వేసవిలో ఇంటిచుట్టూ చిల్లుల గొట్టం పరచి పునాది పక్కన నేలకు సమంగా తడి అందిస్తారు. చేనుకు నీళ్ళు పెట్టినట్టు ఇంటికి నీళ్ళు పెట్టడమన్నమాట.

ఈ సంగతి తెలియక ఇల్లు కొన్న కుటుంబానికి తరువాత పునాది మరమ్మతుకు వేల డాలర్లు కావాలి. తెలిసిన ఇన్‌స్పెక్టరు ముందే "ఈ పగులు మామూలుది, ఆ పగులు మాత్రం ఇంజనీరుకు చూపించండి" అని చెప్పగలడు. అతడు చెప్పే ఆ ఒక్క మాటమీద ఒక కుటుంబపు కష్టార్జితమంతా ఆధారపడి ఉంటుంది.

ముడి ఎక్కడుంది?

మామూలు మనిషి జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే ఇల్లు కొంటాడు. అతనికి ఇన్‌స్పెక్టర్లెవరూ తెలియదు. పైగా వ్యవధి తక్కువ. టెక్సాస్‌లో కొనేవారు ఒప్పందంలో కొన్ని రోజుల గడువు పెట్టుకుంటారు. ఆ గడువులోగా పరీక్ష చేయించుకొని, ఇష్టంలేకపోతే వెనక్కి తగ్గవచ్చు. వారమో పది రోజులో ఉండే ఆ గడువులో ఎవరిని వెతుకుతాడు? ఏజెంటునే అడుగుతాడు. ఏజెంటు రెండు మూడు పేర్లు చెబుతాడు.

ఏజెంటుకు అమ్మకం జరిగితేనే కమిషను. మంచి ఏజెంట్లు చాలామంది ఉన్నారు. "ఎంత గట్టిగా చూస్తే అంత మంచిది" అని కఠినుడైన ఇన్‌స్పెక్టరునే చూపించేవారూ ఉన్నారు. అయితే ఇన్‌స్పెక్టరుకు వచ్చే పని అంతా నలుగురైదుగురు ఏజెంట్ల చేతిలోనే ఉంటే, అతని మనస్సుమీద ఒక బరువు ఉండకతప్పదు. పైకప్పు ఇంక రెండేళ్ళకు మించి ఆగదని వ్రాయాలా? లేక "అక్కడక్కడ అరుగుదల కనబడినది" అని మెత్తగా వ్రాయాలా? రెండవది వ్రాస్తే అబద్ధం చెప్పినట్టు కనబడదు. కాని ఇల్లు కొన్న కుటుంబం వర్షాకాలంలో గిన్నెలు పెట్టుకొని కూర్చుంటుంది.

పైన చెప్పిన వృత్తి సంఘపు నియమావళి ఈ సంగతిని స్పష్టంగానే పట్టించుకుంది. పని ఇప్పించినందుకుగాని, తమ జాబితాలో పేరు చేర్చినందుకుగాని ఏజెంట్లకు ఇన్‌స్పెక్టరు ఏ రూపంలోనూ ప్రతిఫలం ఇవ్వకూడదు. నియమం మంచిదే. అయినా కడుపు నిండాలంటే పని రావాలి. ఏజెంటు దయమీద ఆధారపడకుండా కొనేవారే నేరుగా వచ్చి పిలిచే దారి ఒకటి కావాలి.

ఆ దారిని ఇప్పుడు చేతిలోని ఫోను ఇస్తున్నది. 2004లో మొదలైన ఫేస్‌బుక్కు 2007లో వ్యాపారాలకు ప్రత్యేక పేజీలు పెట్టుకునే వీలు కల్పించింది. 2005లో యూట్యూబు, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. ఒకే పేటలో నివసించేవారు మాట్లాడుకునే నెక్స్ట్‌డోర్ అనే వేదిక 2011లో అమెరికాలో మొదలైంది. వీటిలో ఇన్‌స్పెక్టరు తనకు తెలిసిన సంగతులు చెబుతూ ఉంటే, ఇల్లు కొనే రోజు వచ్చేసరికి అతని పేరు జనానికి జ్ఞాపకముంటుంది. అప్పుడు కొనుగోలుదారుడు ఏజెంటును పేరు అడగడు, తానే పేరు చెబుతాడు. అలా వచ్చినవారి ఇల్లు చూసేటప్పుడు ఇన్‌స్పెక్టరుకు వేరెవరి ముఖం చూడవలసిన అవసరం ఉండదు.

ఏమి చెప్పాలి?

క్రొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. "మేము ఇళ్ళు పరీక్షిస్తాం, ధర తక్కువ, వెంటనే ఫోను చేయండి" అని రోజూ అదే ప్రకటన పెడతారు. ఇల్లు కొనే పని లేనివానికి దానితో ఏమి ప్రయోజనం? రెండు రోజులు చూసి మూడవ రోజు దాటవేస్తాడు.

దానికి బదులు ఇంట్లో ఉన్నవారికి ఈ రోజే పనికివచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఒక వీడియోలో ఒక్క లోపం చాలు. ఏమి కనబడింది, దానివలన ఏమి హాని, ఇంటివారు ఎవరిని ఏమి అడగాలి, ఈ మూడు మాటలు ఒకటి రెండు నిమిషాలలో చెప్పవచ్చు. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

పైకప్పునుండి వాన నీళ్ళు దించే గొట్టం సరిగ్గా పునాది పక్కనే విడిస్తే, నీళ్ళు అక్కడే ఇంకి పునాదిని దెబ్బతీస్తాయి. గొట్టాన్ని దూరంగా సాగదీయడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

నీళ్ళు కాగే ట్యాంకుకు ఒత్తిడి హద్దుమీరినప్పుడు తెరుచుకునే వాల్వు ఒకటుంటుంది. నీళ్ళు కారుతున్నాయని దాని గొట్టానికి బిరడా బిగించేవారున్నారు. అలా చేస్తే ట్యాంకు పేలే ప్రమాదముంది.

స్నానాల గదిలోని తేమగాలిని బయటికి పంపవలసిన ఫ్యాను గొట్టాన్ని అటకలోనే వదిలేస్తే అక్కడి చెక్కకు బూజు పట్టి పాడవుతుంది. క్రిందనుండి చూసేవారికి ఇది ఎన్నటికీ తెలియదు.

వంటగదిలో నీళ్ళ తొట్టి పక్కన ఉన్న ప్లగ్గు పాయింటుకు, కరెంటు దారితప్పిన క్షణంలోనే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదో లేదో మీట నొక్కి చూపించవచ్చు. పిల్లలున్న ఇంటివారు ఈ వీడియో చూసి ఊరుకోరు, లేచి వెళ్ళి నొక్కి చూస్తారు.

కాలానికి తగినట్టు చెప్పడం కూడా ముఖ్యం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో వచ్చిన తీవ్రమైన చలికి నీళ్ళు గడ్డకట్టి ఎన్నో ఇళ్ళలో గొట్టాలు పగిలాయి. అటువంటి రాష్ట్రంలో చలికాలానికి ముందు గొట్టాలకు తొడుగు వేయడం గురించి, వేసవికి ముందు పునాది తడి గురించి, వడగళ్ళ వాన వెలిసిన తరువాత పైకప్పు గురించి చెబితే జనం శ్రద్ధగా వింటారు. క్రొత్త ఇంటి పనితనానికి కట్టినవారు సాధారణంగా ఒక సంవత్సరం హామీ ఇస్తారు. పదకొండవ నెలలో ఒకసారి పరీక్ష చేయించుకుంటే లోపాలను వారి ఖర్చుతోనే బాగుచేయించుకోవచ్చు. ఈ సంగతి తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇది చెప్పిన ఇన్‌స్పెక్టరుకు పనీ వస్తుంది, విన్నవారికి డబ్బూ మిగులుతుంది.

డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో తెలుగు కుటుంబాల మధ్య ఉండే ఇన్‌స్పెక్టరు ఇవే సంగతులను తెలుగులో చెబితే మరీ మంచిది. బిడ్డల దగ్గరకు వచ్చి ఉన్న తల్లిదండ్రులకు కూడా అర్థమవుతుంది. పగలంతా ఇంట్లో ఉండి, ఎక్కడ నీళ్ళు కారుతున్నాయో ముందుగా చూసేది తరచు వారే గదా!

అన్ని వేదికలలోనూ ఉండాలని పరుగెత్తనక్కరలేదు. రెండింటిని ఎంచుకొని, వారానికి ఒకటి రెండు తప్పకుండా పెడుతూ, అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబిచ్చేవాడు, పది చోట్ల పేరు వ్రాసుకొని మరచిపోయేవానికంటె ముందుంటాడు. పేరు పక్కన లైసెన్సు నంబరు తప్పక ఉండాలి. కొనేవారు దాన్ని ప్రభుత్వ జాబితాలో సరిచూసుకోగలుగుతారు.

ఏమి చెప్పకూడదు?

ఇన్‌స్పెక్టరు ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళేవాడు. పడకగది చూస్తాడు, అలమర వెనుక చూస్తాడు. డబ్బు కొనేవాడు ఇచ్చినా, ఆ రోజుకు ఇల్లు ఇంకా అమ్మేవానిదే. అక్కడ చూసినదాన్ని లోకానికి చూపించే హక్కు అతనికి దానంతటదే రాదు. పని చేయించుకున్నవారి అనుమతి లేనిదే పరీక్ష ఫలితాలనుగాని వారి వివరాలనుగాని ఇతరులకు తెలియజేయకూడదని వృత్తి సంఘపు నియమం కూడా చెబుతున్నది.

గనుక వీడియో తీసేటప్పుడు ఇంటి నంబరు, వీధి పేరు, గోడమీది కుటుంబ ఫోటోలు, పిల్లల బొమ్మలు, బల్లమీది మందు సీసాలు, వాకిట్లోని కారు నంబరు కనబడకూడదు. కొనేవారి అనుమతిని వ్రాతమూలకంగా తీసుకోవాలి. అమ్మకం పూర్తికాకముందు పెట్టకపోవడమే క్షేమం. చూసినవారు "ఇది ఫలానావారి ఇల్లే" అని పోల్చుకోగలిగితే ఆ వీడియోను మానుకోవడమే మేలు. గడపలోపల చూసింది గడప దాటించకూడదని మన పెద్దలు నేర్పిన మర్యాద ఇక్కడా వర్తిస్తుంది.

ఎగతాళి విషయంలో ఇంకొక హెచ్చరిక అవసరం. క్రొత్త ఇళ్ళలోని లోపాలను చూపించి పేరు పొందినవారు ఉన్నారు. అరిజోనా రాష్ట్రానికి చెందిన సై పోర్టర్ అనే ఇన్‌స్పెక్టరు వీడియోలను లక్షలాదిమంది చూశారు. నాసిరకం పనిని బయటపెట్టడం వలన కొనేవారికి నిజంగా మేలు జరుగుతుంది. అయితే అది చూసి ప్రతివాడూ కట్టినవారిని హేళన చేయడమే పనిగా పెట్టుకుంటే చిక్కు వస్తుంది. జనం చూడాలని లోపాన్ని పెద్దది చేసి చెప్పడం, చిన్న పగులుకు "ఇల్లు కూలిపోతుంది" అని పేరు పెట్టడం కూడా అబద్ధమే. ఏజెంటుకు భయపడి లోపాన్ని తగ్గించి చెప్పినవాడూ, చూసేవారి సంఖ్యకోసం లోపాన్ని పెంచి చెప్పినవాడూ ఒకే తప్పు చేస్తున్నారు. మొదటివానికి యజమాని ఏజెంటు, రెండవవానికి యజమాని జనం. ఇద్దరిలో ఎవరూ డబ్బు ఇచ్చిన కుటుంబంకోసం పనిచేయడంలేదు.

సాక్ష్యం కొనుక్కోకూడదు

ఫోనులో పేరు చూసినవాడు తరువాత చేసే పని, ఇతరులు ఏమి వ్రాశారో చదవడం. వీటినే రివ్యూలు అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇవి సాక్ష్యాలు. పది మంచి సాక్ష్యాలు వంద ప్రకటనలకంటె బలమైనవి. అందుకే తప్పుడు సాక్ష్యాలు అమ్మేవారు కూడా బయలుదేరారు.

అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో తప్పుడు రివ్యూలను నిషేధిస్తూ నియమం చేసింది, అది అదే సంవత్సరం అక్టోబరులో అమలులోకి వచ్చింది. రివ్యూలు కొనడం, అమ్మడం, సొంత మనుషులచేత సంబంధం దాచిపెట్టి వ్రాయించడం దాని ప్రకారం నిషిద్ధం. మన దేశంలో కూడా బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2022లో ఇంటర్నెట్టు రివ్యూలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది.

న్యాయంగా సాక్ష్యం సంపాదించే దారి సులభమే. పని ముగిసి, నివేదిక ఇచ్చి, సందేహాలు తీర్చిన తరువాత "మీకు ఎలా అనిపించిందో నాలుగు మాటలు వ్రాయండి" అని అందరినీ అడగాలి. సంతోషించినవారినే ఏరి అడగకూడదు. "ఐదు నక్షత్రాలు ఇస్తే పది డాలర్లు తగ్గిస్తాను" అనకూడదు. గూగుల్ నియమాలు కూడా దీన్ని ఒప్పుకోవు. బావమరిదిచేత, మేనమామచేత వ్రాయించకూడదు. వారు మన పని చూసినవారు కారు.

చెడ్డ రివ్యూ వచ్చిందనుకోండి. ఆ రాత్రే జవాబు వ్రాయకండి. తెల్లవారిన తరువాత, కోపం తగ్గిన తరువాత, "మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను, నివేదికను మరల చూసి మీకు ఫోను చేస్తాను" అని మర్యాదగా వ్రాయాలి. ఆ ఇంటి వివరాలు బయటపెట్టి వాదించకూడదు. నిజంగా తప్పు మనదైతే ఒప్పుకోవాలి. చదివేవారు ఆ ఫిర్యాదుకంటె దానికిచ్చిన జవాబును ఎక్కువ శ్రద్ధగా చదువుతారు.

డబ్బు కట్టి వేసే ప్రకటనలు

ఫేస్‌బుక్కులో డబ్బు కట్టి ఫలానా పట్టణం చుట్టుపక్కలవారికి ప్రకటన కనబడేలా చేయవచ్చు. అయితే ఇళ్ళ ప్రకటనలను కొన్ని జాతులవారికి కనబడకుండా చేస్తున్నారనే ఫిర్యాదులు వచ్చి, 2019 మార్చిలో ఆ సంస్థ రాజీకి వచ్చింది. అప్పటినుండి అమెరికాలో ఇళ్ళ అమ్మకం, అద్దె, గృహరుణం వంటి ప్రకటనలను వయస్సునుబట్టి, స్త్రీ పురుష భేదాన్నిబట్టి, పిన్‌కోడునుబట్టి ఏరి చూపించడానికి వీల్లేదు. ఇంటి విషయమై ప్రకటన వేసేవారు ఈ నియమాన్ని చదువుకొని వేయాలి. మొదట కొద్ది మొత్తంతో మొదలుపెట్టి, ఫోను చేసిన ప్రతివారినీ "మా సంగతి మీకు ఎలా తెలిసింది?" అని అడిగి ఒక నోటుబుక్కులో వ్రాసుకోవాలి. మూడు నెలల తరువాత ఆ పుస్తకమే ఎక్కడ ఖర్చుపెట్టాలో, ఎక్కడ మానుకోవాలో చెబుతుంది.

మనవాళ్ళ మధ్య

అన్నిటికంటె ఎక్కువ పని తెచ్చేది, అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది మనవాళ్ళ వాట్సాప్ గ్రూపు. అక్కడి తెలుగు సంఘాలకు, ఒకే ఊరినుండి వెళ్ళినవారికి, ఒకే కాలేజీలో చదివినవారికి గ్రూపులున్నాయి. "ఇన్‌స్పెక్టరు ఎవరైనా తెలుసా?" అని ఒకరు అడగగానే "మన తమ్ముడున్నాడు గదా" అని నలుగురు వ్రాస్తారు. ఇది గొప్ప సహాయం. అయితే ప్రార్థన మనవులకోసం పెట్టుకున్న గ్రూపులో రోజూ వ్యాపార ప్రకటన వేస్తే జనం విసిగిపోతారు. గ్రూపు నడిపే పెద్దల అనుమతి అడిగి, అడిగినవారికి మాత్రమే జవాబివ్వడం మర్యాద.

ఇంకా కష్టమైనది ఏమిటంటే, ఇల్లు అమ్మేవాడు అన్నయ్య వరుస, కొనేవాడు బావ వరుస అయినప్పుడు. "చూసీచూడనట్టు పో తమ్ముడూ" అనే మాట వస్తుంది. అటువంటప్పుడు "అన్నయ్యా, ఈ పని నేను చేయను, వేరేవారిని పిలిపించుకోండి" అని చెప్పి తప్పుకోవడమే రెండు కుటుంబాలకూ మేలు. ఒకరోజు కూలి పోతుంది గాని బంధుత్వమూ పోదు, మాట విలువా పోదు.

మరొక సంగతి తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి. హెచ్-1బి వీసామీద ఉన్నవారు తమను పిలిపించిన యజమాని దగ్గర మాత్రమే పని చేయాలి. శని ఆదివారాలలో ఇళ్ళు పరీక్షించి డబ్బు తీసుకోవడం వారికి చెల్లదు. మన బిడ్డ ఆశపడితే ముందుగా వారించాలి.

మన దగ్గర

హైదరాబాదు వంటి నగరాలలో ఫ్లాటు తాళాలు తీసుకోకముందు పరీక్ష చేయించుకునే అలవాటు ఇప్పుడిప్పుడే వస్తున్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన ఐదేళ్ళలోగా కట్టడంలోగాని పనితనంలోగాని లోపం బయటపడి తెలియజేస్తే, కట్టినవారు ముప్పై రోజులలో తమ ఖర్చుతో బాగుచేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక సొంత డబ్బుతో చెమ్మ గోడలు బాగుచేయించుకుంటున్న కుటుంబాలెన్నో! సివిల్ డిప్లొమా చదివిన యౌవనస్థుడు, అనుభవమున్న మేస్త్రీ, ఎలక్ట్రీషియను కలిసి ఈ పని మొదలుపెట్టవచ్చు. మనదగ్గర దీనికి ప్రత్యేకమైన లైసెన్సు లేదు గనుక, అతని మాటే అతనికి లైసెన్సు.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పని వేళలు, ధరలు, చేసే పనుల పట్టిక పెట్టుకోవచ్చు. మేడమీద నీళ్ళు నిలిచే చోటు, బాత్‌రూము గోడ వెనుక చెమ్మ, ఎర్తింగు లేని ప్లగ్గు పాయింటు, గట్టిగా తడితే బోలుగా మ్రోగే టైలు, ఇవి చూపించే చిన్న వీడియోలు తెలుగులో పెడితే చూసేవారు చాలామంది ఉంటారు. చెప్పవలసిన నియమాలు మాత్రం పైన చెప్పినవే. బిల్డరు దగ్గర డబ్బు తీసుకొని కొనేవానికి నివేదిక ఇవ్వకూడదు, ఇతరుల ఇంటి గుట్టు బయటపెట్టకూడదు, చూసింది పెంచకుండా తగ్గించకుండా చెప్పాలి.

తల్లిదండ్రులారా, పరదేశంలో గాని పట్టణంలో గాని ఉన్న మీ బిడ్డ "ఇల్లు కొంటున్నాం" అని ఫోను చేసినప్పుడు సంతోషించండి. సంతోషిస్తూనే మూడు ప్రశ్నలు అడగండి. ఇల్లు పరీక్షించేవానిని నీకు ఎవరు కుదిర్చారు? అతడు చూస్తున్నప్పుడు నీవు వెంట తిరిగావా? అతడు వ్రాసి ఇచ్చిన నివేదికను చివరి పేజీ వరకు చదివావా? మీకు ఆ దేశపు చట్టాలు తెలియకపోవచ్చు. కాని సంతకు వెళ్ళేటప్పుడు ఎవరిని వెంట తీసుకొని వెళ్ళాలో మీకు బాగా తెలుసు.